తూము తిప్పుకుందాం, కట్ట తెంపబాకండి – మన ఫోన్ సంగతి



ఈసారి పోస్టు పత్తి మీదా కాదు, మిర్చి మీదా కాదు. జేబులో ఉండే ఫోన్ మీద. "ఇదేందయ్యా, వ్యవసాయం వదిలేసి ఫోన్ రిపేరు షాపు పెట్టినావా" అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. కానీ చివరిదాకా చదవండి. పోస్టు పెద్దదే. కరెంటు వచ్చేదాకా మోటారు కాడ కూర్చుని చదువుకోవచ్చు.

ముందు జరిగింది చెప్తా.

పోయిన సీజన్లో పత్తి తీతలు జరుగుతున్నప్పుడు, మా ఊళ్లో నాకు బాబాయి వరసయ్యే ఒకాయన ఫోన్‌కి ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫైలు వచ్చింది. పైన పీఎం కిసాన్ బొమ్మ, కింద "కొత్త విడత లిస్టు, మీ పేరు చూసుకోండి" అని. పంపింది ముక్కూ మొహం తెలియనోడు కాదు, పక్క ఊరి రైతే. ఆయన ఫోన్ అప్పటికే దొంగల చేతిలోకి పోయిందనీ, ఫైలు దానంతటదే అన్ని గ్రూపులకీ పోతా ఉందనీ మాకు తర్వాత తెలిసింది. బాబాయి నొక్కాడు. ఫోన్ ఎక్కించుకోలేదు. ఇది ప్రమాదం కావచ్చని అడ్డం పడింది. ఆయన కూడా సరేలే అని వదిలేసి పొలం పోయాడు.

మధ్యాహ్నం ఒక కాల్ వచ్చింది. గ్రూపులో నంబర్లన్నీ వాళ్ల చేతికి చిక్కినాయి గదా. మంచి తెలుగు, మర్యాద. "సార్, వ్యవసాయ శాఖ నుంచి మాట్లాడుతున్నా. మీ కేవైసీ ఆగిపోయింది. యాప్ ఎక్కలేదా? నేను చెప్తా, మీరు నొక్కండి." పది పదిహేను నిమిషాలు ఎంతో ఓపికగా చెప్పాడంట. సెట్టింగ్స్‌లోకి పొండి అన్నాడు. ఫలానా మీట ఆన్ చెయ్యండి అన్నాడు. పైన మూడు చుక్కలు కనపడతన్నాయా, అవి నొక్కండి అన్నాడు. బాబాయి ఒక్కో తలుపూ తీసుకుంటా పోయాడు. తెల్లారేసరికి ఖాతాలో నలభై ఆరు వేలు లేవు. పత్తి తీసిన కూలోళ్లకి ఇవ్వాల్సిన డబ్బులవి. వాళ్లకి అప్పు తెచ్చి ఇచ్చాడు.

డబ్బు పోయిన బాధ ఒకటైతే, నాకు ఇంకో బాధ ఉంది. ముప్పై ఏళ్లుగా మోటారు విప్పి బిగించే మనిషి మా బాబాయి. స్టార్టరులో ఏ వైరు ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెప్తాడు. అట్టాంటాయన తన ఫోన్లో ఆ మూడు చుక్కలు ఉన్నాయని ఆ రోజే మొదటిసారి చూశాడు. చూపించింది దొంగ. మన ఫోన్ సెట్టింగ్స్ మనకి నేర్పిన మొదటి మాస్టారు దొంగ అయ్యాడంటే తప్పు ఎక్కడుందో ఆలోచించండి.

ఆ తర్వాత ఊళ్లో అందరూ ఒకటే మాట. "సెట్టింగ్స్ జోలికి పోబాకండిరా, తెలియనివి నొక్కబాకండి." నేను ఈ మాటతో ఏకీభవించను. ఈ పోస్టు రాయటానికి కారణం అదే. తెలియనివి నొక్కకూడదు, నిజమే. కానీ ఎప్పటికీ తెలియకుండా ఉంటే, తెలిసినట్టు మాట్లాడేవాడు ఎవడొచ్చినా వాడి మాటే వినాల్సి వస్తుంది.

అసలు దాచిన సెట్టింగ్స్ అంటే ఏంది?

మీ సేవ కౌంటరు కాడ అడంగల్ తీసుకుంటే మన చేతికి ఒక కాగితం వస్తుంది. రికార్డు మొత్తం ఆ కాగితంలో ఉండదు, లోపల ఉంటుంది. ఫోన్ కూడా అట్టాగే. మనం తెరిచే సెట్టింగ్స్ పేజీ కౌంటరు లాంటిది. లోపల ఆండ్రాయిడ్ మూడు పట్టికలు రాసుకుంటా ఉంటుంది. సిస్టమ్, సెక్యూర్, గ్లోబల్ అని వాటి పేర్లు. తెర వెలుతురు ఎంత, రింగు ఏంది లాంటివి మొదటి దాంట్లో. భద్రత సంగతులు రెండో దాంట్లో. ఫోన్ మొత్తానికి వర్తించేవి మూడో దాంట్లో. ఈ పట్టికల్లో ఉన్న వరసలన్నీ బయట పేజీలో కనపడవు. కనపడనివి, లేదా లోపలెక్కడో మూల పెట్టినవి, వాటినే దాచిన సెట్టింగ్స్ అంటున్నా.

వీటిని మార్చుకోటానికి మూడు దార్లు ఉన్నాయి.

మొదటిది డెవలపర్ ఆప్షన్స్. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి పోయి బిల్డ్ నంబర్ మీద ఏడు సార్లు టపటపా నొక్కితే తెరుచుకుంటుంది. శాంసంగ్‌లో అది సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ లోపల ఉంటుంది. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో బిల్డ్ నంబర్ బదులు వాళ్ల ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుంచి గూగుల్ దీన్ని ఇట్టా దాచిపెట్టింది. ఇది దొంగ దారి కాదు. యాప్‌లు తయారు చేసేవాళ్ల కోసం కంపెనీ పెట్టిన తలుపే.

రెండోది ఏడీబీ. ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టి, కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు ఇవ్వటం. ఇదీ గూగుల్ ఇచ్చిన పనిముట్టే, ఉచితం. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి కేబుల్ లేకుండా వైఫై మీద కూడా అవుతుంది. ఇందాక చెప్పిన పట్టికల్లో సెక్యూర్, గ్లోబల్ అనే రెండింట్లో రాయాలంటే ఈ దారి కావాలి. షిజుకు, సెట్ ఎడిట్ లాంటి యాప్‌లు కూడా ఆ రెండు పట్టికల్లో రాయాలంటే ఈ దారి మీద ఆధారపడాల్సిందే.

మూడోది రూట్. ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెప్పాలి.

మన సాగర్ కుడి కాలవ సంగతే తీసుకోండి. పొలానికి నీళ్లు కావాలంటే తూము గేటు తిప్పాలి. ఎంత తిప్పాలి, ఎప్పుడు దించాలి అనేదానికి ఒక లెక్క ఉంది, చూసుకోటానికి లస్కరు ఉన్నాడు. చివరి భూములకి నీళ్లు అందక, ఓపిక పట్టలేక, రాత్రిపూట కట్టకి గండి కొట్టినోళ్లనీ మనం చూశాం. గండి కొడితే నీళ్లు రాకుండా పోవు, వస్తాయి. కానీ తర్వాత ఎంత నీళ్లు రావాలో మన చేతిలో ఉండదు. పక్కోడి చేను మునిగినా ఆపలేం. రూట్ చెయ్యటం అంటే ఫోన్‌లో కట్టకి గండి కొట్టటం.

మన కుర్రోళ్లలో కొంతమందికి రూట్ మీద మోజు. "మామా, రూట్ చేస్తే ఫోన్ దూసుకుపోద్ది" అంటారు. దానికోసం ముందు బూట్‌లోడర్ తాళం తియ్యాలి. తీస్తే ఫోన్‌లో ఉన్న ఫొటోలు, ఫైళ్లు అన్నీ తుడిచిపెట్టుకు పోతాయి. వారంటీ సంగతి మర్చిపోవచ్చు. శాంసంగ్ ఫోన్లలో లోపల నాక్స్ అనే ఒక ఫ్యూజు ఉంటుంది, అది ఒకసారి కాలితే కంపెనీ కూడా మళ్లీ బాగు చెయ్యలేదు. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు చాలావరకు రూట్ చేసిన ఫోన్‌లో పని చెయ్యమని మొరాయిస్తాయి. వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి. మామూలు ఫోన్‌లో ఒక యాప్ ఇంకో యాప్ గదిలోకి తొంగి చూడకుండా గోడలు ఉంటాయి. రూట్ అధికారం ఒక దొంగ యాప్ చేతిలో పడితే ఆ గోడలేవీ అడ్డం ఉండవు.

అంత నష్టం పెట్టుకుని చేస్తే మనబోటోళ్లకి వచ్చేది ఏంది? మనకి కావాల్సిన పనులన్నీ మొదటి రెండు దార్లలో అవుతాయి. నేను చేసి చూసినవి చెప్తా.

నా ఫోన్ పాతది, 3 జీబీ ర్యామ్‌ది. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి పోవాలంటే నత్త నడకే. మా వాడు కొత్తది కొను అన్నాడు. పదిహేను వేలంటే మిర్చికి ఎన్ని స్ప్రేలు అవుతాయో మనకి తెలుసు. డెవలపర్ ఆప్షన్స్‌లో విండో యానిమేషన్ స్కేల్, ట్రాన్సిషన్ యానిమేషన్ స్కేల్, యానిమేటర్ డ్యూరేషన్ స్కేల్ అని మూడు వరసలు ఉంటాయి. మూడూ 1 మీద ఉంటాయి. వాటిని 0.5 మీద పెట్టా. తెరలు తెరుచుకునే సోకులకి పట్టే టైము సగానికి తగ్గింది. అబద్ధం చెప్పను, లోపల ఇంజను స్పీడు పెరగలేదు. ఎదురుచూపు తగ్గింది, అంతే. ఆ తగ్గింది చాలు నాకు. అదే ఫోన్ ఇంకా నడుస్తా ఉంది.

రెండోది, ఫోన్‌తో పాటు కంపెనీవాళ్లు బలవంతంగా ఎక్కించిన ఆటలు, షాపింగ్ యాప్‌లు. కొన్నిటికి తీసేసే మీట కూడా ఇవ్వరు. మా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు తన ల్యాప్‌టాప్‌కి ఫోన్ పెట్టి ఏడీబీతో పీఎం అన్‌ఇన్‌స్టాల్ అనే ఆదేశం ఇచ్చి వాటిని తీసేసింది. ఈ పీఎం అంటే కిసాన్ పీఎం కాదు, ప్యాకేజ్ మేనేజర్ అంట. యూజర్ జీరో అని చేరిస్తే మన వరకు ఆ యాప్ పోతుంది. ఫోన్ మొత్తం రీసెట్ కొడితే మళ్లీ వస్తుంది. అంటే కట్ట తెగలేదు, గేటు దించాం, అంతే. ఒక హెచ్చరిక: పేరు తెలియని సిస్టమ్ యాప్ ఏదీ తీయబాకండి. దానివల్ల ఫోన్ తెరుచుకోకుండా పోయినోళ్లు ఉన్నారు.

మూడోది సిగ్నల్. మన మెట్ట పొలాల్లో సిగ్నల్ 4జీకీ 2జీకీ మధ్య ఊగులాడతా ఉంటుంది, నెట్ ఆగిపోతుంది. డయల్ చేసేచోట *#*#4636#*#* కొడితే కొన్ని ఫోన్లలో ఒక పరీక్ష పేజీ తెరుచుకుంటుంది. అందులో ఫోన్ ఇన్ఫర్మేషన్‌లో నెట్‌వర్క్ రకాన్ని ఎల్‌టీఈ ఓన్లీ అని పెట్టుకుంటే 4జీ మీదనే నిలబడుతుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ నంబరు పని చెయ్యదు. పని చేసినా ఒక చిక్కు ఉంది. మీ సిమ్ములో వోల్టీ లేకపోతే కాల్స్ రావు, పోవు. కాబట్టి పని అయ్యాక పాత చోటికి తిప్పెయ్యాలి. ఒక రోజు నేను తిప్పటం మర్చిపోయా. సాయంత్రం దాకా ఒక్క కాల్ రాలేదు, నీళ్ల వంతు కోసం నాలుగు సార్లు ఫోన్ చేసిన మా అన్న ఇంటికొచ్చి తిట్టాడు.

ఆ తిట్లతో నేర్చుకున్న పద్ధతి చెప్తా. ఏ సెట్టింగ్ మార్చినా ముందు పాతది ఏముందో కాగితం మీద రాసుకోండి, లేదా స్క్రీన్ షాట్ తీసుకోండి. ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు రోజులు చూడండి. బాగుంటే ఉంచండి, లేదంటే పాత చోటికి తిప్పండి. కొత్త మందు కొట్టేముందు ఒక సాలు మీద కొట్టి చూడమా? ఇదీ అంతే. పని అయిపోయాక డెవలపర్ ఆప్షన్స్ పైన ఉన్న మీట ఆఫ్ చెయ్యండి. ఇది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, ఆఫ్ చేసి రమ్మంటాయి. విసుక్కోబాకండి, వాళ్లు చెప్పేది న్యాయమే. ఇంకో సంగతి, ఆఫ్ చేసినప్పుడు కొన్ని ఫోన్లలో మనం మార్చినవి పాత చోటికి పోతాయి. పోతే పోనీ. డబ్బుల యాప్ ఉన్న ఫోన్‌లో సోకు కంటే భద్రత ముందు.

అదే పేజీలో రెండు మీటలు ఉంటాయి, వాటితో మాత్రం ఆటలొద్దు. ఒకటి ఓఈఎం అన్‌లాకింగ్. అది రూట్‌కి మొదటి మెట్టు. రెండోది యూఎస్‌బీ డీబగ్గింగ్. ఇది ఆన్‌లో ఉన్న ఫోన్‌ని కొత్త కంప్యూటర్‌కి పెడితే, "ఈ కంప్యూటర్‌ని నమ్మాలా" అని ఫోన్ అడుగుతుంది. సరే అని నొక్కితే ఆ కంప్యూటర్‌కి మన ఫోన్ మీద చాలా అధికారం వస్తుంది. పాటలు ఎక్కించుకోటానికనో, రిపేరుకనో షాపులో ఫోన్ ఇచ్చేముందు ఇది ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు మా బాబాయి తీసిన తలుపుల కాడికి వద్దాం. దొంగకి రూట్ అక్కర్లేదు. కేబుల్ అక్కర్లేదు. మన వేలు చాలు. వాడు తీయించే తలుపులు ఇవీ.

ఒకటి, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. ప్లే స్టోర్ కాకుండా బయటి నుంచి యాప్ ఎక్కాలంటే ఇది తీయాలి. పాత ఫోన్లలో ఫోన్ మొత్తానికి ఒకటే మీట ఉండేది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఏ యాప్‌కి ఆ యాప్‌కి విడిగా పెట్టారు. అంటే వాట్సాప్‌కి ఒకటి, క్రోమ్‌కి ఒకటి. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఎక్కాలంటే వాట్సాప్ పక్కన ఉన్న మీట తీయాలి. ఒకసారి తీస్తే మళ్లీ మనం మూసేదాకా తెరిచే ఉంటుంది. సెట్టింగ్స్ పైన వెతికే చోట "అన్‌నోన్" అని కొట్టి చూడండి. అక్కడ వాట్సాప్, క్రోమ్, ఫైల్స్, టెలిగ్రామ్ అన్నిటి కిందా నాట్ అలౌడ్ అని ఉండాలి. నేను మా ఊళ్లో కొంతమంది ఫోన్లు చూశా. కొన్నిట్లో వాట్సాప్‌కి అలౌడ్ అని ఉంది. ఎప్పుడు తీశారో వాళ్లకే గుర్తు లేదు.

రెండు, ఎస్ఎంఎస్ అనుమతి. ఇది ఇస్తే మన ఓటీపీ మనకంటే ముందు వాడు చదువుతాడు. లిస్టులో పేరు చూపించే యాప్‌కి మన మెసేజ్‌లతో పనేంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం దొంగలు బయటే ఆగిపోతారు.

మూడు, యాక్సెసిబిలిటీ. ఇది చూపు సరిగ్గా లేనివాళ్లకి, చేతులు సరిగ్గా ఆడనివాళ్లకి సాయంగా పెట్టిన మంచి ఏర్పాటు. తెర మీద ఏముందో చదివి వినిపించటానికీ, వాళ్ల బదులు నొక్కటానికీ యాప్‌కి అధికారం ఇస్తుంది. అదే అధికారం దొంగ యాప్‌కి ఇస్తే మన బదులు అది నొక్కుతుంది. బ్యాంకు యాప్‌లో కూడా.

నాలుగు, ఆ మూడు చుక్కలు. బయటి నుంచి ఎక్కిన యాప్‌కి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే, 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్ ఒప్పుకోదు. రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్ అని ఆపేస్తుంది. అయినా కావాలంటే ఆ యాప్ వివరాల పేజీలో పైన మూడు చుక్కలు నొక్కి అలౌ రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అనాలి. అంటే గూగుల్ మన కోసం కట్టిన చివరి కట్ట అది. మీకు ఎవరైనా కాల్‌లో ఉండి ఆ మూడు చుక్కలు నొక్కమన్నారంటే, వాడు ఎంత మర్యాదగా మాట్లాడినా, ఏ శాఖ పేరు చెప్పినా, ఫోన్ పెట్టేయండి. ఏ ప్రభుత్వ పథకానికీ ఆ చుక్కలతో పని లేదు.

ఐదు, ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చెయ్యమనటం. ప్లే స్టోర్‌లో పైన మన బొమ్మ నొక్కితే ప్లే ప్రొటెక్ట్ అని ఉంటుంది. అది ఫోన్‌కి కాపలా కుక్క. కుక్కని కట్టెయ్యమని అడిగేవాడు చుట్టం కాదు.

ఇట్టాంటిదే ఇంకొకటి, స్టార్ నంబర్లు. *401* కొట్టి ఫలానా నంబరు కలపమంటారు. కలిపితే మన కాల్స్ వాడి ఫోన్‌కి మళ్లుతాయి. ఈ మోసం ఎంత ముదిరిందంటే, ఇట్టా కోడ్ కొట్టి కాల్ మళ్లించే సౌకర్యాన్నే ఆపమని టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి కంపెనీలకి చెప్పాల్సి వచ్చింది. నేను పైన 4636 నంబరు చెప్పా గదా, నన్ను కూడా గుడ్డిగా నమ్మబాకండి. ఏ కోడ్ ఏం చేస్తుందో ముందు తెలుసుకుని కొట్టండి.

ఇదంతా మనకెందుకు అని ఇంకా అనుకుంటున్నారా? ఒకప్పుడు ఫోన్ లేకపోయినా సేద్యం నడిచేది. ఇప్పుడు నడుస్తుందా? 2025-26లో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవాల్సి వచ్చింది. పొడవు పింజ పత్తికి క్వింటా 8,110 రూపాయల మద్దతు ధర ఆ యాప్ గుండానే వచ్చింది. పీఎం కిసాన్ కేవైసీ 2023 నుంచి ఫోన్ ముందు మొహం పెట్టి కూడా చేసుకోవచ్చు. 2025 ఆగస్టు 2న మన దర్శి పక్కన తూర్పు వీరాయపాలెంలోనే అన్నదాత సుఖీభవ మొదలుపెట్టారు. రాష్ట్రం 5,000, కేంద్రం 2,000, కలిపి 7,000 ఖాతాల్లో పడ్డాయి. డబ్బులు పడే ప్రతిసారీ మన గ్రూపుల్లో ఏం జరుగుతుందో చూస్తన్నారు గదా. "పడిందా అన్నా", "నాకు పడలా", "స్టేటస్ ఎక్కడ చూడాలి". సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఫైళ్లు తిరుగుతాయి. మనం ఏ రోజు ఆత్రంగా ఉంటామో దొంగకి మనకంటే బాగా తెలుసు.

పైగా 2025 జనవరి 30 నుంచి మనమిత్ర పేరుతో ప్రభుత్వమే వాట్సాప్‌లో సేవలు ఇస్తా ఉంది. మంచిదే, నేనూ వాడా. కానీ దానివల్ల వాట్సాప్‌లో వచ్చింది గవర్నమెంటుదే అనుకునే అలవాటు పెద్దోళ్లకి వచ్చింది. తేడా ఒక్కటే గుర్తు పెట్టుకోండి. మనమిత్రలో పని చేసుకోటానికి ఫోన్‌లోకి కొత్త యాప్ ఏదీ ఎక్కించాల్సిన పని లేదు. పీఎం కిసాన్ యాప్ కావాలంటే ప్లే స్టోర్‌లో ఉంది. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది కాగితం కాదు, లిస్టు కాదు. అది యాప్. లిస్టు కావాలంటే యాప్ ఎందుకు ఎక్కాలి?

కొందరు అంటారు, "మా పిల్లలు చూసుకుంటార్లే." పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉంటారు. దొంగ కాల్ మధ్యాహ్నం పన్నెండింటికి వస్తుంది, అప్పుడు పొలంలో ఉండేది మనం. "షాపోడికి ఇస్తే చేస్తాడు" అని ఇంకొందరు. మంచి షాపులు ఉన్నాయి, కాదనను. కానీ ఫోన్ తాళం, యూపీఐ పిన్ను రెండూ చెప్పి, ఫోన్ అక్కడే పెట్టి టీకి పోయినోళ్లని నేను నా కళ్లతో చూశా. బీరువా తాళం అట్టా ఇస్తామా?

ఇంకో మాట కూడా వినపడతా ఉంది. గూగులే త్వరలో ఈ తలుపులన్నీ మూసేస్తుంది, మనకెందుకు గొడవ అని. 2025 ఆగస్టులో గూగుల్ ఒక ప్రకటన చేసింది నిజమే. బయటి నుంచి ఎక్కే యాప్‌లు చేసేవాళ్లు కూడా తమ పేరూ వివరాలూ నమోదు చేసుకోవాలనీ, 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలుపెట్టి తర్వాత మిగతా దేశాలకి తెస్తామనీ చెప్పింది. దాని మీద గోల లేచాక, తెలిసి ఎక్కించుకునేవాళ్లకి ఒక దారి వదులుతామని కూడా చెప్పింది. నా మటుకు నేను రెండు మాటలు అంటా. దొంగలకి అడ్డం పడే ఏ ఏర్పాటైనా మంచిదే. కానీ డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో తేల్చే తాళం చెవి పూర్తిగా కంపెనీ చేతికి పోవటం నాకు నచ్చదు. మన చేతిలో ఉండాలంటే మాత్రం దాన్ని వాడటం మనకి రావాలి. వాడటం రానోడి చేతిలో తాళం చెవి ఉంటే, అది మా బాబాయికి జరిగినట్టే దొంగ చేతికి పోతుంది.

అందుకని నేను అడిగేది ఒకటుంది. రైతు సేవా కేంద్రంలో గులాబీ పురుగు గురించి చెప్తన్నారు, తామర పురుగు గురించి చెప్తన్నారు. సంతోషం. పంట నమోదు, కేవైసీ, స్లాట్ అంటూ ప్రతి పనికీ ఫోన్ తెమ్మంటున్నప్పుడు, సీజన్‌కి ఒకసారి అరగంట ఫోన్ గురించి కూడా చెప్పండి. ఏ మీట ఏం చేస్తుందో, ఏది ఎప్పుడూ మూసి ఉండాలో చూపించండి. పోస్టరు అంటించి "జాగ్రత్త" అంటే చాలదు. దేని గురించి జాగ్రత్త పడాలో తెలియనోడు ఎట్టా పడతాడు? వాళ్లు చెప్పేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. రచ్చబండ కాడ నలుగురు కూర్చుని ఒకరి ఫోన్ ఒకరు చూసుకోవచ్చు.

ఈ పోస్టు చదవటం అయ్యాక ఐదు నిమిషాలు పెట్టండి. అన్‌నోన్ యాప్స్ పేజీలో అన్నీ మూసి ఉన్నాయా? యాక్సెసిబిలిటీలో మీరు ఎక్కించని పేరు ఏదన్నా ఉందా? ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందా? డెవలపర్ ఆప్షన్స్ ఆఫ్‌లో ఉందా? మీవి చూసుకున్నాక మీ అమ్మా నాన్నలవి, మీ ఇంట్లో ఆడోళ్లవి కూడా చూడండి. డ్వాక్రా డబ్బులు వాళ్ల ఫోన్‌తోనే ముడిపడి ఉన్నాయి.

అప్పటికే తప్పు జరిగిపోయి ఉంటే సిగ్గుపడి దాచబాకండి. ముందు ఫోన్‌లో నెట్ ఆపండి. ఇంకో ఫోన్ నుంచి 1930కి చెయ్యండి, బ్యాంకుకి చెయ్యండి, ఖాతా ఆపించండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మనం బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయే డబ్బుకి బాధ్యత బ్యాంకుదే. అందుకే ఎన్ని గంటలకి చెప్పామో రాసుకోండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. మా బాబాయి పరువు పోద్దని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజుల్లో డబ్బు ఎన్ని చేతులు మారిందో దేవుడికే తెలియాలి.

మొన్న ఆదివారం బాబాయి మా ఇంటికొచ్చాడు. ఫోన్ నా చేతిలో పెట్టి, "అబ్బాయ్, ఆ మూడు చుక్కల కాడ ఏముందో నాకు మొత్తం చూపించు, ఈసారి నేనే నొక్కుతా" అన్నాడు. గంటసేపు కూర్చున్నాం. అన్‌నోన్ యాప్స్‌లో వాట్సాప్ పక్కన మీట ఆయనే మూశాడు. యానిమేషన్ల సంగతి చెప్తే అదీ ఆయనే 0.5 మీద పెట్టుకున్నాడు. పోయేటప్పుడు డెవలపర్ ఆప్షన్స్ ఆఫ్ చేశావా అని నేను అడిగేలోపే, "గేటు దించాలే, దించా" అన్నాడు.

ఎవరికన్నా అనుమానం ఉంటే కామెంట్‌లో మీ ఫోన్ కంపెనీ, మోడల్ రాసి అడగండి, నాకు తెలిసింది చెప్తా. ఓటీపీలు, పిన్నులు, ఖాతా నంబర్లు మాత్రం రాయబాకండి. నేను అడిగినా ఇవ్వబాకండి.